దొడ్డి కాడ లెక్క ముందు ఎవరికి తెలుస్తుంది?

(మహబూబ్‌నగర్‌లో జరిగిన గొల్లకురుమ మహిళల సమావేశంలో, జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడమ్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేనివాళ్లు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆమె అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. అక్కలకు, చెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలకు కూడా. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి, నేనేం ప్రశ్నలు అడగను. అంటే అడుగుతాను, కానీ మార్కులుండవు. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, అడగకుండా ఉండలేను.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో ఏమన్నారంటే, మేడమ్, ఆఫ్రికాలో పశువులు కాచుకునేవాళ్లలో ఆడవాళ్లు అడవి జంతువుల్ని కాపాడుతున్నారట, గొడవలు ఆపుతున్నారట, ఆ సంగతులు చెప్పండి అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే అనుమానమొచ్చింది, మక్తల్ వాళ్లకు, నారాయణపేట వాళ్లకు, దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లకు సింహాల సంగతి ఎందుకు? మనకు సింహాలెక్కడున్నాయి? మనకున్నది తోడేలు. ఈమధ్య గుట్టల్లో చిరుత. నల్లమల దిక్కు పోతే పెద్దపులి. అందుకే సింహంతో మొదలుపెట్టను, మన దొడ్డితోనే మొదలుపెడతాను.

చెప్పండి. పొద్దుగూకి మంద దొడ్డికి వచ్చింది. ఒక గొర్రె తక్కువైంది. ముందు ఎవరికి తెలుస్తుంది?

ఎవరమ్మా అది? "దాని పిల్లకు తెలుస్తుంది" అంటోంది. భలే చెప్పావు, నిజం, పిల్లకే ముందు తెలుస్తుంది. ఆ తర్వాత?

మా ఇంట్లో అయితే మా నాయిన లెక్కపెట్టేవాడు. తలలు లెక్క. ఒకసారి నూటపద్నాలుగు వచ్చేది, మళ్లీ లెక్కపెడితే నూటపదహారు వచ్చేది, అక్కడే నిలబడి తనను తనే తిట్టుకునేవాడు. మా అవ్వ లెక్కపెట్టేది కాదు. ఆమెకు నూరుకు పైన అంకెలే రావు. పిల్లల్ని తల్లుల కింద వదులుకుంటూ పోతూ, "చెవి చినిగింది రాలే" అనేది. అంతే. ఏ గొర్రె, ఏ పిల్ల తల్లి, నిన్న కుంటిందా, అన్నీ ఆమెకు తెలుసు. నాయిన వెంటనే టార్చ్ తీసుకుని పోయేవాడు. మంద ఆయన పేరు మీదే ఉండేది. ఎవరి గొర్లు అని అడిగితే ఊళ్లో ఆయన పేరే చెప్పేవాళ్లు. కానీ ఏది పోయిందో తెలిసిన మనిషి మా అవ్వ. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, ఒకే వారంలో మూడు పిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయింది. మగవాళ్లంతా కూడి, చచ్చిన గొర్రెకు మందు పూసి వాగులో పెట్టారు. పొలానికి కొట్టే మందు. తోడేలు చచ్చిందో లేదో దేవుడికే తెలియాలి. మా కుక్కలు రెండు చచ్చాయి. గద్దలు చచ్చాయి. కుక్కలు లేక దొడ్డికి కాపలా లేకుండా పోయింది, నెల తిరగకుండా ఇంకో రెండు పిల్లలు పోయాయి. మా అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. తెల్లారి లేచి తుమ్మకంప కొట్టుకొచ్చి దొడ్డి చుట్టూ నడుమెత్తు పేర్చింది, పిల్లల్ని గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టి, పక్కనే పడుకుంది. ఆ తర్వాత మాకు పిల్లలు పోవడం తగ్గింది. దీన్ని వన్యప్రాణి సంరక్షణ అంటారని మా అవ్వకు తెలియదు. నాకూ అప్పుడు తెలియదు. ఎంఎస్సీ చదివాక తెలిసింది, పుస్తకంలో బొమ్మ చూసి, అరే ఇది మా దొడ్డే కదా అనుకున్నాను.

ఇప్పుడు కెన్యా పోదాం. ఉత్తర కెన్యాలో సంబురు అని ఒక జిల్లా ఉంది, అక్కడి మనుషులను కూడా సంబురులనే అంటారు. ఆవులు, మేకలు, ఒంటెలు, అవే వాళ్ల ఆస్తి. ఎవాసో నీరో అనే నది ఒడ్డున ఉంటారు. అక్కడ సింహాల మీద పనిచేసే ఒక సంస్థ ఉంది, ఎవాసో లయన్స్ అని, 2007లో పెట్టారు. పెట్టినామె శివానీ భల్లా. పేరు చూసి మన దేశం మనిషి అనుకుంటారేమో, నాలుగు తరాల కింద వెళ్లి కెన్యాలోనే స్థిరపడిన కుటుంబం ఆమెది. వాళ్లు ముందుగా కుర్రవాళ్లను, అంటే ఆ తెగలో యోధులంటారు, మోరాన్లు, వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సింహాల అడుగుజాడలు చూడండి, మందలు అటు పోకుండా చెప్పండి అని. బాగానే నడిచింది. అప్పుడు ఆడవాళ్లు వచ్చి అడిగారు, మగపిల్లలకే ఎందుకిస్తున్నారు ఈ పని, నీళ్లకు పోయేది మేము, కట్టెలకు పోయేది మేము, సింహం ముందు ఎదురయ్యేది మాకు కదా అని. అలా 2013లో మామా సింబా అని మొదలైంది. సింబా అంటే స్వాహిలీలో సింహం. మామా అంటే మామ అనుకునేరు, వాళ్ల భాషలో అమ్మ.

చూశారా, ఎవరో వచ్చి అక్కా మీకు అవగాహన కల్పిస్తాం అనలేదు. ఆడవాళ్లే పోయి మాకేది అని అడిగారు. వాళ్లు ముందు కావాలన్నది చదువు. పలక, బలపం. ఎక్కడ సింహం కనపడిందో రాయాలంటే రాత రావాలి కదా. ఇప్పుడు వాళ్లు పూసల పని చేసుకుంటూనే జంతువుల కబురు మోస్తారు, ఏ వాగులో జాడ ఉందో, ఏ ఇంటి కంప పలచబడిందో. నీళ్ల కాడ నలుగురు కలిస్తే ఆ కబురు పొద్దెక్కేసరికి ఊరంతా తెలుస్తుంది. మన బోరింగు కాడ తెలియదా? తెలుస్తుంది కదా, కావలసినవీ కానివీ.

ఇంకో మాట ఉంది, చెప్పాలా వద్దా అనుకుంటూ వచ్చాను, చెప్పేస్తాను. కెన్యాలోనే దక్షిణాన మసాయి వాళ్లున్నారు, అంబోసెలి అనే జాతీయ పార్కు దగ్గర. అక్కడ సింహాన్ని చంపిన కుర్రవాడికి కొత్త పేరు పెడతారు, పాటలు కడతారు. పాడేదెవరు? ఆడపిల్లలే. చంపినవాణ్ణి పొగిడి, చంపనివాణ్ణి ఎగతాళి చేసేది కూడా వాళ్లే. పక్క తెగ మీద పడి పశువుల్ని తోలుకొచ్చే అలవాటున్న చోట కూడా ఇదే కథ, వాడొచ్చాడు, వాడు తెచ్చాడు అని పాట. అంటే ఆడవాళ్లందరూ శాంతి దేవతలు అని నేను చెప్పడానికి రాలేదు. అలా చెప్పేవాళ్లుంటే నమ్మకండి. గొడవను ఎగదోసే నోరు కూడా మనదే. మన ఇళ్లల్లో లేదా? "వాడు మాట అంటే పడి వచ్చినవా, గాజులు తొడుక్కో" అని అనేదెవరు? నేనన్నాను ఒకసారి మా తమ్ముణ్ణి. వాడు పోయి తల పగలగొట్టించుకుని వచ్చాడు. నవ్వకండి, ఎనిమిది కుట్లు పడ్డాయి.

అందుకే నా మాట ఏంటంటే, ఎగదోసే బలం ఎవరి చేతిలో ఉందో, ఆపే బలం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అక్కడ 2007లో లయన్ గార్డియన్స్, అంటే సింహాల కాపలాదారులు అని ఇద్దరు ఆడవాళ్లే మొదలుపెట్టారు, లీలా హజ్జా, స్టెఫనీ డోల్రెన్రీ. వాళ్లు చేసిన తెలివైన పని, సింహాల్ని చంపే కుర్రవాళ్లకే సింహాల కాపలా ఇచ్చారు. చంపి పేరు తెచ్చుకునేవాడు ఇప్పుడు తనే సింహానికి పేరు పెడతాడు. పేరు పెట్టినదాన్ని చంపబుద్ధి అవుతుందా? మనం పొట్టేలుకు పేరు పెడితే, పండగకు దాన్ని కోయడానికి పిల్లలు ఒప్పుకుంటారా? ఆ బాధ మీకు తెలుసు. కెన్యా మొత్తంలో 2021 లెక్కలో తేలిన సింహాలు రెండున్నర వేల చిల్లర. ఒక్కొక్కటీ లెక్కే.

సరే, సింహాలను కాసేపు పక్కన పెడదాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమైన సంగతి వజీర్ది. దీనికి కొంచెం టైం తీసుకుంటాను, టీ వచ్చినా సరే.

వజీర్ కెన్యాలో ఈశాన్యాన, సోమాలియా పక్కన. ఎండ, ఇసుక, ఒంటెలు. ఉండేది సోమాలీ వాళ్లు, ముస్లింలు, తెగలుగా ఉంటారు, డెగోడియా, అజురాన్, ఒగాడెన్. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలింది. తుపాకులు సంతలో కూరగాయల్లాగా దొరికాయి. దాని మీద కరువు. గడ్డి లేదు, నీళ్లు లేవు, పశువులు చచ్చాయి, మిగిలిన పశువుల కోసం తెగలు కొట్టుకోవడం మొదలైంది. వందల మంది పోయారు.

ఆ ఊళ్లో దేఖా ఇబ్రహీం అబ్ది అని ఒకామె ఉంది. 1993లో ఒక రాత్రి ఇంటి పక్కనే కాల్పులు. ఆమె తన పిల్లను లాక్కుని మంచం కింద దూరింది. తెల్లారాక వాళ్లమ్మ చెప్పింది, నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు నేనూ నిన్ను ఇట్లాగే మంచం కింద దాచానే అని. తల్లి దాచింది, బిడ్డ దాచింది, ఇంక మనవరాలు కూడా దాచాలా? ఆ మాట ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మరి ఏం చేసింది? ధర్నా చేసిందా? కలెక్టరుకు అర్జీ పెట్టిందా? కొంతమంది ఆడవాళ్లు, పన్నెండు మంది కూడా లేరు, కూడి మాట్లాడుకున్నారు. ఎక్కడ మొదలుపెడదాం? సంతలో. ఎందుకంటే గొడవలు ముదిరాక ఒక తెగ ఆడది ఇంకో తెగ దానికి పాలు అమ్మడం లేదు, కొనడం లేదు. సంత ఆడవాళ్లది. అక్కడ మగవాళ్ల పెత్తనం లేదు. కాబట్టి ముందు, సంతలో ఏ తెగ ఆడది అయినా భయం లేకుండా రావాలి, అమ్మాలి, కొనాలి అని పెట్టుకున్నారు. ఎవరైనా ఇంకొకరిని దబాయిస్తే ఈ ఆడవాళ్లు పోయి నిలబడతారు. అంతే వాళ్ల మొదటి కార్యక్రమం. పాలు అమ్ముకోనివ్వడం.

సంత నిలబడ్డాక పెద్దమనుషుల దగ్గరికి పోయారు. ఇక్కడ వాళ్ల తెలివి చూడండి. ఆడవాళ్లు పోయి పెద్దలకు చెబితే పెద్దలు వింటారా? మన ఊళ్లో వింటారా? వినరు. వాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకని అన్నిటికన్నా చిన్న తెగ పెద్దాయనను పట్టుకున్నారు. ఆయన తెగకు ఈ కొట్లాటలో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. పెద్ద తెగ ముసలాయన మాట్లాడితే అవతలివాళ్లు అనుమానపడతారు. చిన్న తెగ ముసలాయన లేచి, ఎందుకు కొట్టుకుంటున్నాం, దీంతో లాభపడేది ఎవరు అని అడిగితే ఏమనుకుంటారు? ఏమీ అనుకోరు. పెద్దలు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, 1993లోనే ఒప్పందం రాసుకున్నారు, అల్ ఫతా ఒప్పందం అంటారు దాన్ని. పెద్దల తర్వాత కుర్రవాళ్లు. తుపాకీ పట్టినవాడు దాన్ని దింపితే ఏం తింటాడు? అదీ ఆలోచించారు, పని చూపించాలని తిరిగారు. తర్వాత సర్కారుతో కలిసి కమిటీ పెట్టారు. ఎక్కడ పశువు పోయినా, ఎక్కడ మనిషి చచ్చినా, పుకారు లేచేలోపే కమిటీ వాళ్లు అక్కడుంటారు. దేఖాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011లో రోడ్డు ప్రమాదంలో పోయింది పాపం.

ఇక్కడ నాకు పట్టుకున్న మాట ఒకటుంది. వాళ్లలో కూడా ఒక తెగ ఆడపిల్లను ఇంకో తెగకు ఇస్తారు. అంటే ఆమెకు పుట్టినిల్లు ఒక వైపు, మెట్టినిల్లు ఇంకో వైపు. కొట్లాట జరిగితే ఒక వైపు అన్నదమ్ములు, ఇంకో వైపు మొగుడు, కొడుకులు. మగవాడికి గెలుపు ఉంటుంది, ఓటమి ఉంటుంది. ఆమెకు ఎటు గెలిచినా శవం ఇంటికే వస్తుంది. మన దగ్గర కూడా రెండు ఊళ్ల మధ్య గొడవైతే, ఆ ఊరి ఆడపిల్ల ఈ ఊళ్లో కోడలై ఉంటే, చీకట్లో కబురు మోసేది ఎవరు? ఆమే కదా. ఆ రెండిళ్ల మనిషితనాన్ని వజీర్ వాళ్లు పనికి పెట్టుకున్నారు.

ఇథియోపియాలో ఒరోమో వాళ్లలో ఇంకో పద్ధతి ఉంది, సింఖే అంటారు. అది ఒక సన్నటి కర్ర. పెళ్లి రోజు తల్లి కూతురి చేతికి ఇస్తుంది. నగలు కాదు, చీర కాదు, కర్ర. కొట్టడానికి కాదు. మగవాళ్లు కొట్టుకుంటుంటే పెళ్లయిన ఆడవాళ్లు ఆ కర్రలు పట్టుకుని మధ్యలో నిలబడతారు. దాన్ని దాటి దెబ్బ వేయకూడదు, వేస్తే పాపం. కెన్యాలో పోకోట్ వాళ్లకు లెకెత్యో అని ఒక నడికట్టు, కాన్పప్పుడు ఆడది కట్టుకునే పట్టీ. దాన్ని విప్పి రెండు పక్షాల మధ్య నేల మీద పరిస్తే ఇంక దాటరాదు. నేను కన్నాను, మీరు చంపుకుంటున్నారు అనే కదా దాని అర్థం. ఇవన్నీ ఇవాళ్టికీ ప్రతి గొడవలో పనిచేస్తాయని అనను, ఏకే తుపాకీ దూరం నుంచే కాలుస్తుంది, దానికి కర్ర కనపడదు. కానీ ఆ హక్కు ఉందని అందరికీ తెలుసు, అదే గొప్ప.

మరి జంతువులకూ ఈ గొడవలకూ ఏం సంబంధం అంటారా? ఒకటే తుపాకీ అమ్మా. పశువుల్ని దోచడానికి కొన్న తుపాకీయే ఏనుగు దంతానికీ పనికొస్తుంది. కొట్లాట ఉన్న చోట మందలు మంచి గడ్డి ఉన్న దిక్కుకు పోలేవు, భయపడి ఒక్కచోటే కుక్కుకుంటాయి, అక్కడి నేల గుండు కొట్టినట్టవుతుంది, జింకకు గడ్డి ఉండదు, జింక లేకపోతే సింహం ఎక్కడికొస్తుంది? దొడ్డికే వస్తుంది. పాఠంలో దీన్ని ఆహారపు గొలుసు అని చెప్పేదాన్ని. పిల్లలకు నిద్రొచ్చేది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. డబ్బు లేకుండా ప్రేమతో ఏ జంతువునూ ఎవరూ కాపాడరు, కనీసం రెండో ఏడు కాపాడరు. మేకలున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మేకపాలు అమ్ముతారా? లేదు, పిల్లలకే పోతాయి, లేదా ఎవరికో దగ్గు అంటే గిన్నెడు ఇస్తాం. సంబురులో రెటెటి అని ఒక చోటుంది, 2016లో తెరిచారు, తల్లి పోయిన ఏనుగు పిల్లల్ని పెంచుతారు. ఆఫ్రికాలో ఊరి జనమే సొంతంగా నడుపుకునే మొదటి ఏనుగుల కేంద్రం అది. సాకేవాళ్లలో సంబురు ఆడపిల్లలున్నారు. మొదట్లో డబ్బా పాలపొడి వాడేవాళ్లు, ఎక్కడి నుంచో రావాలి, ఖరీదు. కరోనా వచ్చి రాకపోకలు ఆగాయి. అప్పుడు మేకపాలకు మారారు. ఊళ్లో ఆడవాళ్ల మేకల పాలు. ఏనుగుపిల్ల మేకపాలు తాగి పెరుగుతోంది! ఇప్పుడు అక్కడ ఏనుగు బతికితే ఆమెకు పాల డబ్బు. ఎవరైనా ఏనుగు జోలికి వస్తే ముందు అరిచేది ఆమే.

మంగోలియాలో అయితే ఉన్ని. అక్కడ మంచు చిరుతలుంటాయి, మందల మీద పడతాయి, మనుషులు కోపంతో చంపుతారు. బయర్‌జర్గల్ అగ్వాంత్సెరెన్ అని ఒకామె, పరిశోధకులకు అనువాదకురాలిగా పోయి ఆ పనిలోనే ఉండిపోయింది. కాపరుల ఇళ్లల్లో ఆడవాళ్లు ఉన్నితో చేసిన వస్తువులకు బయట గిరాకీ చూపించారు. ఒక షరతు పెట్టారు, మీ ప్రాంతంలో ఎవరూ మంచు చిరుతను చంపకపోతే పైన బోనస్. ఒక్కడు చంపినా అందరి బోనస్ పోతుంది. అందరిది! ఇంక చూడండి, పక్కింటి ఆయన తుపాకీ తీస్తే ఇటుపక్కామె ఊరుకుంటుందా? ఆ తర్వాత ఆమె, కాపరులు కలిసి గనులకు ఇచ్చిన లైసెన్సుల మీద కొట్లాడారు, 2016లో తోస్త్ కొండలను రక్షిత ప్రాంతంగా చేయించారు. 2019లో ఆమెకు పర్యావరణం కోసం పనిచేసేవాళ్లకిచ్చే గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది. అదే 2019లో మనవాళ్లు నల్లమలలో యురేనియం వద్దని రోడ్డెక్కారు, సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ రోజుల్లో రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లెంతమందో ఆమనగల్లు, అచ్చంపేట దిక్కు వాళ్లకు తెలుసు.

ఉన్ని అన్నాను కాబట్టి అడుగుతున్నా, మన నల్ల గొర్రె ఉన్ని ఇప్పుడు ఏం చేస్తున్నారు? పారేస్తున్నాం. కత్తిరించే కూలి ఎక్కువ, ఉన్ని ధర తక్కువ. మా అవ్వ రాట్నం మీద నూలు వడికేది, మా పెద్దనాయిన గుంత మగ్గం మీద గొంగడి నేసేవాడు, చింతగింజల గంజి పెట్టేవాళ్లు, ఆ వాసన నాకు ఇప్పటికీ వస్తుంది. ఆ గొంగడి వానకు తడవదు. ఇప్పుడు మాంసం కోసం నెల్లూరు గొర్రె వచ్చింది, దక్కని గొర్రె తగ్గింది, దాంతో వడికే ఆడదాని చేతిలో రూపాయీ పోయింది. 2019 పశుగణనలో తెలంగాణలో 1 కోటి 90 లక్షల గొర్రెలు, దేశంలో మనమే మొదటి స్థానం. కోటీ తొంభై లక్షల్లో ఆడవాళ్ల పేరు మీద ఎన్ని?

ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది. అంబోసెలి దగ్గర 2019లో ఎనిమిది మంది మసాయి ఆడపిల్లలతో ఒక రేంజర్ల దళం పెట్టారు, టీమ్ లయనెస్ అని. ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, ఆకుపచ్చ యూనిఫాం, బూట్లు. చాలామందికి ఇంట్లో అదే మొదటి ఉద్యోగం. మంచిదే, నిజంగా మంచిదే. మరుసటి ఏడే కరోనా వచ్చింది, సెలవులు రద్దయ్యాయి, నెలల తరబడి ఇంటికి పోలేదు. వాళ్లలో తల్లులున్నారు. ఫోటో చూసి చప్పట్లు కొడతాం, సరే, ఆ పిల్లల్ని ఎవరు చూశారు? ఇంకో ఆడది చూసింది. వాళ్లమ్మో, అత్తో. ఆమె ఫోటో ఎవరూ వేయలేదు. రేపు మన దగ్గర ఏదైనా సంస్థ వచ్చి అక్కా మీరు తోడేళ్ల కాపలా కమిటీ అంటే, నేను ముందు అడిగేది, జీతమెంత, నా మంద ఎవరు చూస్తారు అని. మీరూ అడగండి. సిగ్గుపడకండి.

మళ్లీ మా అవ్వ దగ్గరికి. ఎండాకాలం మేము మందతో సాగర్ ఎడమ కాలువ కిందికి పోయేవాళ్లం, మిర్యాలగూడ దిక్కు. కోతలయ్యాక మళ్లలో మంద పెడితే రైతుకు ఎరువు, మనకు గింజలో పైసలో. ఒకసారి మా గొర్లు రాత్రి తప్పించుకుని పక్కాయన కూరగాయల మడిలో పడ్డాయి. పొద్దున చూస్తే ఏం మిగల్లేదు. వాళ్లు నలభై గొర్లను పట్టుకుని బందెలదొడ్డిలో పెట్టారు. మా నాయిన, బాబాయి కట్టెలు పట్టుకున్నారు, అటువైపు వాళ్లూ పట్టుకున్నారు. మా అవ్వ వాళ్లెవరితోనూ మాట్లాడలేదు. కొత్త గొంగడి ఒకటి మడిచి నెత్తిన పెట్టుకుని, నన్ను వేలు పట్టుకుని, వెనక దారిన ఆ రైతు ఇంటికి పోయింది. ఆయన భార్య పెరట్లో ఉంది. మా అవ్వ గొంగడి అరుగు మీద పెట్టి, "అక్కా, తప్పు మాదే. ఎంతైందో నువ్వు చెప్పు, మగోళ్లు చెప్పొద్దు" అంది. ఆమె చాలాసేపు తిట్టింది. మా అవ్వ విన్నది. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని, వంకాయలెన్ని, మిరప ఎంత అని వేళ్ల మీద లెక్కేశారు. ఏడు రాత్రులు మంద ఊరికే పెట్టాలని తేలింది. సాయంత్రానికి గొర్లు బయటికొచ్చాయి. ఆ తర్వాత పదకొండేళ్లు వాళ్ల పొలంలోనే దిగాం, ఆమె మా అవ్వకు అక్కయింది, మా అక్క పెళ్లికి చీర తెచ్చింది. మగవాళ్లు మాత్రం చచ్చేదాకా ఒకరినొకరు చూసుకుని గొణిగేవాళ్లే.

ఇప్పుడు మన సంగతి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. లంబాడీ అక్కలు అక్కడే పొడ తూర్పు ఆవుల్ని మేపుతారు, జాతీయ గుర్తింపు ఉన్న దేశీ జాతి అది. అక్కడ పులి ముఖ్యమా, ఆవు ముఖ్యమా అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్నే తప్పు. ఇటు మాగనూరు, కృష్ణా, మక్తల్ మండలాల్లో కృష్ణజింకలు పంట తింటున్నాయని రైతులు ఏడుస్తున్నారు. జింకను తినే తోడేలుకు మనమే మందు పెట్టాం కదా! ఊరి బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత భూములు ఎటు పోయాయో మీకు తెలుసు, ఆ గడ్డి పోయాక మందా, జింకా రెండూ ఒకే చేను మీద పడుతున్నాయి. నది అవతల కొప్పళ జిల్లాలో బంకాపుర దగ్గర కర్ణాటక వాళ్లు తోడేళ్లకు ప్రత్యేకంగా ఒక అభయారణ్యం పెట్టుకున్నారు. అక్కడి కురుబలూ మనవాళ్లే.

పని మాట చెప్పి దిగుతాను. చిరుతో తోడేలో జీవాన్ని చంపితే శవాన్ని కదపకండి, మందు అసలే పూయకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పైగా పరిహారం పోతుంది. ఫోటో తీయండి. అటవీశాఖ బీటు ఆఫీసరుకు, పశువుల డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. కాగితం మీద పేరు రాసేటప్పుడు మీ పేరు రాయించండి. మా ఊళ్లో ఒకామెకు రెండేళ్ల కింద పిల్లలు పోయాయి, కాగితాలు నింపే చోట, మంద ఎవరిదమ్మా, మీ ఆయన్ని పంపు అన్నారట. ఆయన హైదరాబాద్‌లో వాచ్‌మన్. మందను మేపేది ఆమె. అర్జీ అక్కడే ఆగిపోయింది. గొర్రెల కాపరుల సొసైటీ లిస్టు తీసి చూడండి, మా ఊరి లిస్టులో ఆడవాళ్లు నలుగురు, అందులో ముగ్గురు భర్త పోయినవాళ్లు. మొగుడు చస్తేనా మంద మనదయ్యేది? ఐక్యరాజ్య సమితి 2026ను పచ్చికబయళ్లు, పశుపోషకుల సంవత్సరం అని ప్రకటించింది, అడిగింది మంగోలియా. ఆ పేరు చెప్పి బ్యానర్లు కట్టేవాళ్లు మీ ఊరికి వస్తే, టీ ఇచ్చి, సొసైటీ లిస్టు ముందు పెట్టండి.

ఇంక నాకు మీ దగ్గర తెలుసుకోవాల్సింది ఒకటుంది. మాగనూరు, కృష్ణా దిక్కు వాళ్లు చెప్పండి. తోడేలు కూత చివరిసారి ఎప్పుడు విన్నారు?

ఎవరూ మాట్లాడరేం? అదిగో, గోడ పక్కన ముసలవ్వ చెయ్యెత్తింది. ఏమన్నావవ్వా? మొన్న శివరాత్రికా? ఎన్ని? మూడా? నువ్వు చూశావా, విన్నావా? రా అవ్వా, ఇటు రా, మైకు ఇక్కడుంది, ఆమెకు దారివ్వండి.